నైస్ అంటే తిట్టా? పాష్ అంటే ఓడ టికెట్టా?

సందేహాలరాయుడు:
ఇంగ్లీషు మాటల పుట్టుక మీద క్విజ్ తయారు చేస్తున్నాను. వాట్సాప్‌లో వచ్చినవి రెండున్నాయి. 'నైస్' అంటే మొదట్లో తెలివితక్కువ అని అర్థమట. 'పాష్' ఏమో ఇంగ్లండ్, ఇండియాల మధ్య తిరిగే ఓడల్లో ఎండ తగలని ఖరీదైన గదుల టికెట్ల మీద వేసిన నాలుగక్షరాల ముద్రట. ఇండియాకు వచ్చేటప్పుడు ఎడమ వైపు గది (పోర్ట్ ఔట్), తిరిగి వెళ్లేటప్పుడు కుడి వైపు గది (స్టార్‌బోర్డ్ హోమ్) అని. మొదటిది నమ్మబుద్ధి కావడం లేదు, రెండోది అచ్చం నిజంలా ఉంది. ఏది పెట్టమంటారు?

పాతడిక్షనరీ:
మీరు నమ్మనిదే నిజమండీ. లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. అది ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి నైస్ అంటే మూర్ఖుడనే. తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టేవాడు, సున్నితం, ఖచ్చితం అంటూ జారుకుంటూ పద్దెనిమిదో శతాబ్దానికి 'బాగుంది' దగ్గరికి చేరింది. వంకలు పెట్టేవాడికే కదా సన్నని తేడాలు కనిపించేది! తిట్టు మెప్పు వైపు తిరిగింది అక్కడేనని నాకనిపిస్తుంది. 'నైస్ డిస్టింక్షన్' అంటే ఇప్పటికీ సూక్ష్మమైన తేడా అనే.

'సిల్లీ'ది సరిగ్గా ఎదురు దారి. పాత ఇంగ్లీషులో ధన్యుడు. ఆపైన అమాయకుడు, తర్వాత పాపం జాలిపడాల్సినవాడు, చివరికి తెలివితక్కువవాడు. నన్నడిగితే క్విజ్‌లో ఈ రెండూ పక్కపక్కన పెట్టాలి.

పాష్ కథకు మాత్రం ఆధారం లేదు. ఆ ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ ఎవరూ చూపించలేకపోయారు. అసలు పొడి అక్షరాలు కలిపి మాటగా పలకడం ఇరవయ్యో శతాబ్దంలో బాగా పెరిగిన అలవాటు. అంతకుముందు మాటకు ఎవరైనా అలాంటి కథ చెబితే నేను వెంటనే అనుమానిస్తాను. గోల్ఫ్ చూడండి. 'మగవాళ్లకే, ఆడవాళ్లకు ప్రవేశం లేదు' అనే ఇంగ్లీషు వాక్యంలోని తొలి అక్షరాలట! ఆ మాట 1457 నాటి స్కాట్లండ్ చట్టంలోనే ఉంది. ఆ చట్టం ఆపమన్నది ఆడవాళ్లను కాదు, మొత్తం ఆటనే.

అచ్చుతప్పు:
అలాగని డిక్షనరీలో ఉన్నదల్లా నమ్మినా చిక్కే. 1934 వెబ్‌స్టర్‌లో 'డోర్డ్' అనే మాట ఉంది, అర్థం సాంద్రత. అసలు చీటీలో రాసింది 'D or d', అంటే పెద్ద డి గానీ చిన్న డి గానీ డెన్సిటీకి గుర్తు అని. దాన్ని ఎవరో కలిపి ఒకే మాటగా చదివేశారు. పుట్టుక వివరం లేకపోవడం 1939లో ఒక ఎడిటర్ కంటపడింది. పుస్తకంలోంచి పోయేసరికి 1947 అయింది.

సందేహాలరాయుడు:
డోర్డ్ క్విజ్‌లోకి వెళ్లిపోయింది, థాంక్స్. బాండికూట్ అంటే మన పందికొక్కే అంటున్నారు. ఇదీ వాట్సాప్ సరుకేనా?

పాతడిక్షనరీ:
కాదు, ఇది నిజం. తెలుగు మాటే ఇంగ్లీషువాళ్ల నోట అలా మారింది. తర్వాత ఆస్ట్రేలియాలో పొట్ట దగ్గర సంచి ఉన్న పొడుగు ముక్కు జంతువు కనిపిస్తే దానికీ అదే పేరు తగిలించారు. దానికీ పందికొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. ఆ జంతువు బొమ్మ వేసి, పేరు ఏ భాష నుంచి వచ్చిందో అడగండి. చాలామంది ఆస్ట్రేలియా ఆదివాసుల భాష అనే రాస్తారు.