ఖర్జూర చెట్టు వేషంలోని సెల్ టవర్: జియోకాషింగ్ పజిల్‌లో చివరి మెట్టు తేలడం లేదు

ప్రశ్న (ఎడారి బాటసారి):
నమస్కారం. ఆరిజోనాలోని చాండ్లర్ ప్రాంతంలో జియోకాషింగ్ (ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్‌తో వెతికే ఆట) ఆడుతూ, ఒక మిస్టరీ కాష్ కోసం, అంటే పజిల్ విప్పితేనే చోటు తెలిసే డబ్బా కోసం వెతుకుతున్నాను. దాని వెబ్ పేజీలో చూపిన చోట డబ్బా ఉండదనీ, అసలు చోటు సాధారణంగా అక్కడికి 2 మైళ్ల లోపే ఉంటుందనీ తెలుసు. నీళ్లు తాగని చెట్టును కనుక్కుని, దాని మొదలు నుంచి 140 డిగ్రీల దిశలో 300 మీటర్లు వెళ్లమని పజిల్ చెబుతోంది (ఇతరుల వేట చెడకూడదని అంకెలు మార్చి రాశాను). ఇది చెట్టు వేషంలోని సెల్ టవర్ అని అర్థమైంది గానీ, అక్కడి రోడ్డు పొడవునా ఖర్జూర చెట్లే ఉన్నాయి. వాటిలో నాకు అనుమానం కలిగిన చెట్టు నుంచి ఫోన్‌లోని దిక్సూచి పట్టుకుని నడిస్తే ఖాళీ కంకర నేల తప్ప ఏమీ కనిపించలేదు. చెట్టును నిర్ధారించుకునే మార్గం ఏదైనా ఉందా?

జవాబు (మోడువారిన కొమ్మ):
మాను అడుగు నుంచి పైదాకా ఒకే లావున ఉందేమో, మట్టల కింద ఎండి వేలాడే ఆకు ఒక్కటైనా ఉందేమో చూడండి. మట్టల మధ్య నిలువుగా, పొడవాటి పలకల్లాంటి యాంటెన్నాలు మూడు వైపులకూ తిరిగి కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. చెట్టు మొదట్లో గోడ కట్టిన చిన్న ఆవరణ, అందులో కరెంటు మీటరు, చల్లబరిచే ఫ్యాన్ల హోరు కూడా సాధారణంగా ఉంటాయి. అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు సెల్ సేవలను పూర్తిగా అడ్డుకోలేవు. అయితే టవర్ ఎక్కడ ఉండాలో, ఎలా కనిపించాలో చెప్పే అధికారం వాటికి చాలావరకు మిగిలింది. ఈ వేషాలకు అదొక ముఖ్య కారణం. కాబట్టి నగర ప్రణాళికా విభాగంలోని అనుమతి దరఖాస్తులను చూస్తే, ఆ చెట్టు ఏ స్థలంలో ఉందో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. నా దృష్టిలో పజిల్‌లో అన్నిటికన్నా ఆనందమిచ్చే భాగం అదే.

జవాబు (ఉత్తర ధ్రువం):
మీరు ఎంచుకున్న చెట్టు సరైనదే కావచ్చు. లోపం దిశలో ఉండవచ్చు. చాండ్లర్ ఉన్న ఫీనిక్స్ పరిసరాల్లో అయస్కాంత ఉత్తరం (దిక్సూచి ముల్లు చూపేది), నిజమైన ఉత్తరానికి (భూమి ఉత్తర ధ్రువం వైపు దిశ) సుమారు 10 డిగ్రీలు తూర్పుగా ఉంటుంది. దూరం 300 మీటర్లయితే, ఆ తేడా వల్లనే మీరు 50 మీటర్లకు పైగా పక్కకు జరిగిపోతారు. ఇటువంటి పజిల్‌లలో దిశను సాధారణంగా నిజమైన ఉత్తరం నుంచే లెక్కిస్తారు. ఫోన్ సెట్టింగుల్లో దాన్ని ఎంచుకోండి. అంతకన్నా మేలైన పద్ధతి, టవర్ అక్షాంశ రేఖాంశాలను ఉపగ్రహ చిత్రం నుంచి తీసుకుని, చివరి బిందువును లెక్కగట్టి, జీపీఎస్‌తో నేరుగా అక్కడికే వెళ్లడం. అక్షాంశంలో నిమిషానికి (డిగ్రీలో 60వ వంతు) వెయ్యోవంతు అంటే దాదాపు 1.85 మీటర్లు, కనుక నిమిషాల్లో మూడు దశాంశ స్థానాలూ ఉంచుకోండి.

జవాబు (మోడువారిన కొమ్మ):
ఉత్తర ధ్రువం గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. పజిల్‌లో ఎక్కడైనా యాంటెన్నాల సంఖ్య అడిగితే మాత్రం, కాష్ ప్రచురించిన తేదీని, పాత లాగ్‌లలోని (ముందు వెతికినవారు పేజీలో రాసిన నమోదులు) ఫోటోలను కూడా చూడండి. 5జీ కోసం పరికరాలు మార్చినప్పుడు ఆ సంఖ్య మారిపోతుంది. డబ్బా కోసం టవర్ ఆవరణలోకి దయచేసి వెళ్లకండి. 300 మీటర్ల దూరం ఇచ్చారంటేనే డబ్బా అక్కడ లేదని అర్థం.