అప్‌డేట్: ఉప్పల్‌లో నెట్ సమస్య తీరింది

రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగి నెట్ మాటిమాటికీ పోతోంది, రౌటర్ మార్చాలా అని అడిగాను కదా. అక్కర్లేదు. మీలో ఒకరు చెప్పినట్టు, పవర్ మీటర్ (ఫైబర్‌లో వచ్చే కాంతి బలాన్ని కొలిచే పరికరం) తెస్తేనే రమ్మని టెక్నీషియన్‌తో పట్టుబట్టాను. సిగ్నల్ మైనస్ 29 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం) చూపించింది. మైనస్ 27 కంటే తగ్గితే మామూలుగా కనెక్షన్ నిలబడదట.

అసలు సంగతి కరెంటు స్తంభం దగ్గరుంది. నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్‌ని మడతపెట్టి ఇనుప తీగతో బిగించేశారు! అందులోని గాజు పోగు అంతలా వంగితే లోపల సిగ్నల్‌ని మోసే కాంతి బయటికి పోతుంది. ఆ ముక్క కోసేసి మళ్లీ అతికించాక మైనస్ 21కి వచ్చింది. పాప క్లాసుల టెన్షన్ పోయింది.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక స్తంభాల మీది నెట్, టీవీ కేబుళ్లు చాలాచోట్ల కోసేశారు. నా మటుకు అలా కోసేయడం సబబే. ఫైబర్ భూమిలోంచే వేయాలి.

మీకూ ఎర్ర లైటు వస్తుంటే ముందు మీటర్ రీడింగ్ అడగండి.