రస్ట్ భాషలో టోకియో లైబ్రరీతో ఫైళ్లు చదివితే మామూలు లూప్ కంటే ఆలస్యమవుతోంది, ఎందుకు?

ప్రశ్న (మాదాపూర్)

నమస్కారం. మా ఆఫీసులో లాగ్ ఫైళ్లను వడపోసే చిన్న ప్రోగ్రామ్‌ను రస్ట్‌లో రాశాను. ఒక డైరెక్టరీలో సుమారు మూడు వేల ఫైళ్లుంటాయి, ఒక్కొక్కటీ నాలుగైదు కేబీలకు మించదు. అసింక్ (ఒక పని ముగిసేదాకా ఆగకుండా మిగతావి నడిపే పద్ధతి) చేస్తే వేగం పెరుగుతుందన్న ఆశతో ప్రతి ఫైలునూ టోకియోతో తెరిచి, అన్నింటి ఫలితాల కోసం ఒకేసారి ఎదురుచూసేలా (అవెయిట్) రాశాను. తీరా చూస్తే స్టాండర్డ్ లైబ్రరీతో వరుసగా చదివే లూపే ముందు ముగుస్తోంది. పైగా నాలుగు కోర్ల మెషీన్ మీద టాప్ కమాండ్‌లో వందల థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనుల వరుసలు) కనబడుతున్నాయి. నేను ఒక్క థ్రెడ్‌నూ సృష్టించలేదు. కారణం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (గచ్చిబౌలి)

ఆ థ్రెడ్లు టోకియోవేనండి. లినక్స్‌లో సాకెట్‌కూ (నెట్‌వర్క్ కనెక్షన్‌కూ) ఫైలుకూ ఉన్న తేడాయే దీనికి మూలం. సాకెట్‌లో డేటా వచ్చినప్పుడు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) ఈపోల్ అనే ఏర్పాటు ద్వారా కబురు పంపుతుంది. డిస్కు మీది మామూలు ఫైలుకు ఆ ఏర్పాటు లేదు: డేటా సిద్ధమా అని పోల్ కాల్‌ను అడిగితే ఎప్పుడూ సిద్ధమే అంటుంది (ఇంకా అమీర్‌పేట సిగ్నల్ దగ్గరే ఉండి "వచ్చేశాను సార్" అనే క్యాబ్ డ్రైవర్‌లాగా), ఈపోల్‌లో చేర్చబోతే ఈపెర్మ్ (అనుమతి లేదు) ఎర్రర్‌తో తిప్పి పంపుతుంది, ఓ_నాన్‌బ్లాక్ (ఆగవద్దనే సూచన) పెట్టినా డేటా డిస్కు నుంచి వచ్చేదాకా రీడ్ కాల్ థ్రెడ్‌ను నిలబెట్టేస్తుంది. అందుకే టోకియో ఫైలు పనులను విడి థ్రెడ్లకు అప్పగిస్తుంది. వాటి పరిమితి డిఫాల్ట్‌గా 512. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ వెనుకనున్న లిబ్‌యూవీ లైబ్రరీదీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ డిఫాల్ట్ 4.

మీ కోడ్‌లో ఒక్కో ఫైలును తెరవడానికి ఒకసారి, చదవడానికి ఒకసారి, ఫైలు అయిపోయిందని నిర్ధారించుకోవడానికి మరొకసారి పని ఆ థ్రెడ్ల దగ్గరికి వెళ్లి రావాలి. ఐదు కేబీలు చదవడానికి పట్టే కాలం కంటే ఈ రాకపోకలకు పట్టేదే ఎక్కువ. ఫైళ్లను నాలుగైదు వందల చొప్పున గుంపులు చేసి, గుంపుకొక స్పాన్_బ్లాకింగ్ (పనిని ఆ విడి థ్రెడ్లకు పంపే టోకియో ఫంక్షన్) పెట్టి, లోపల స్టాండర్డ్ లైబ్రరీతోనే చదవండి.

జవాబు 2 (ఉప్పల్)

పై సలహా సరైనదే. అయితే కొలిచేటప్పుడు జాగ్రత్త: రెండోసారి నడిపితే ఫైళ్లన్నీ పేజ్ క్యాష్ (చదివిన ఫైళ్లను కెర్నెల్ దాచుకునే మెమరీ) నుంచే వస్తాయి, డిస్కు జోలికే వెళ్లవు. ప్రతి కొలతకు ముందు రూట్ యూజర్‌గా ఆ క్యాష్‌ను ఖాళీ చేసే డ్రాప్_క్యాషెస్ ఫైలులో 3 రాయండి.

నిజమైన అసింక్ కావాలంటే 2019లో లినక్స్ 5.1తో వచ్చిన ఐఓ_యూరింగ్ ఉంది. ప్రోగ్రామ్, కెర్నెల్ పంచుకునే రెండు క్యూలలో ఒకదాంట్లో పని రాస్తే, రెండోదాంట్లో ఫలితం వస్తుంది. ఇబ్బందల్లా బఫర్‌తోనే (చదివిన డేటాను ఉంచే మెమరీతోనే). పని పూర్తయ్యేవరకు కెర్నెల్ దానిలో రాయవచ్చు కనుక, రస్ట్‌లో మధ్యలో ఫ్యూచర్‌ను (ఇంకా పూర్తికాని అసింక్ పనిని) డ్రాప్ చేసినా, అంటే వదిలేసినా, బఫర్ బతికే ఉండాలి. అందుకే ఐఓ_యూరింగ్‌ను వాడుకునే టోకియో_యూరింగ్ లైబ్రరీ బఫర్‌ను అరువుగా తీసుకోదు, యాజమాన్యంతో సహా తీసుకొని పని అయ్యాక తిరిగి ఇస్తుంది.

అడిగినవారు (మాదాపూర్)

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎనిమిది గుంపులు చేశాను. క్యాష్ ఖాళీ చేసి కొలిస్తే ఇప్పుడు పాత లూప్ కంటే స్పష్టంగా ముందుంది; క్యాష్ నిండుగా ఉంటే రెండింటికీ పెద్ద తేడా లేదు. ఐఓ_యూరింగ్ కూడా ప్రయత్నించాను, నా ల్యాప్‌టాప్‌లో నడిచింది, కానీ మా సర్వర్‌లోని డాకర్ కంటెయినర్‌లో (ప్రోగ్రామ్‌ను మిగతావాటి నుంచి వేరుగా నడిపే ఏర్పాటులో) సెటప్ కాల్ దగ్గరే ఈపెర్మ్ వచ్చింది. డాకర్ డిఫాల్ట్ సెక్‌కాంప్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను ఏయే పనులు అడగవచ్చో నిర్ణయించే) నిబంధనలే దాన్ని అడ్డుకుంటున్నాయని తేలింది. వాటిని సడలించడానికి మా సెక్యూరిటీ వారు ఒప్పుకోరు కాబట్టి గుంపుల పద్ధతితోనే ఉంటాను.