మనుషుల కోసం సైకాలజీలో చేరాను, చేస్తున్నదంతా లెక్కలు. కొనసాగించాలా, మారిపోవాలా?

నీలిసిరా:

నమస్కారం. సైకాలజీ మెయిన్‌గా, సోషియాలజీ రెండో సబ్జెక్టుగా డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. రెండో సెమిస్టర్ సగమైంది. మూడు వారాలుగా కోర్సు మారిపోదామా అన్న ఆలోచనే నన్ను తినేస్తోంది.

ఎందుకు చేరానో ముందు చెప్తాను. మా అక్క రెండేళ్లుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. గది దాటి రావడం కూడా తక్కువే. తలుపు దగ్గర నిలబడి "ఏమైందక్కా" అంటే "ఏం లేదు, నువ్వెళ్లు" అంటుంది. ఆ "ఏం లేదు" వెనక ఏముందో తెలుసుకోవాలని ఈ సబ్జెక్టు తీసుకున్నాను.

వచ్చాక చూస్తే వారానికి ఆరు గంటలు స్టాటిస్టిక్సే. స్టాండర్డ్ డీవియేషన్, టీ టెస్టు, పీ విలువ. మొన్నటి పరీక్షలో వందకి 38 వచ్చాయి. సూత్రాలన్నీ బట్టీ పట్టాను, ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఇంకో బాధ. స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం గురించి చాలా ఇష్టంగా చదివి నోట్సు రాసుకున్నాను. 1971లో ఉత్తుత్తి జైలు పెట్టి రెండు వారాలు నడపాలనుకుని ఆరు రోజులకే ఆపేశారని, మామూలు కుర్రాళ్లు గార్డుల వేషం వేయగానే క్రూరంగా మారిపోయారని. మరుసటి వారం అదే లెక్చరర్ వచ్చి, గార్డులు ఎలా ఉండాలో వాళ్లకు ముందే సూచనలు అందాయి, దాన్ని అలా నమ్మకండి అన్నారు. మరి దేన్ని నేర్చుకోవాలి? పైగా సైకాలజీ క్లాసులో అన్నీ మనిషి లోపలే ఉన్నట్టు చెప్తారు. పక్క గదిలో సోషియాలజీ వాళ్లు అన్నీ సమాజంలోనే ఉన్నాయంటారు. ఈ రెండు గదుల్లోనూ నాకు మా అక్క కనబడటం లేదు.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

చివరి బెంచి:

నేను ఫైనలియర్. నాకు మొదటిసారి స్టాటిస్టిక్స్‌లో 31 వచ్చాయి, కాబట్టి ఆ పేపరు చేతికొచ్చినప్పుడు ఎలా ఉంటుందో తెలుసు.

సూత్రాల పుస్తకం నాలుగు రోజులు పక్కన పెట్టి ఒక పని చేయండి. 1935లో స్ట్రూప్ అనే సైకాలజిస్టు ప్రచురించిన ప్రయోగం ఇది. ఒక కాగితం మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అనే మాటలు కలగలిపి ఇరవై రాయండి. ఏ మాటా తన రంగు సిరాలో ఉండకూడదు. ఇంకో కాగితం మీద అవే రంగులతో ఇరవై గడులు నింపండి. తెలిసినవాళ్లను ఓ ఎనిమిది మందిని కూర్చోబెట్టి, రెండు కాగితాల మీదా రంగు మాత్రమే చెప్పమనండి, మాట చదవొద్దనండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. ఎర్ర సిరాతో "నీలం" అని ఉన్నచోట మనిషి ఎలా తడబడతాడో, నోరు తెరిచి మళ్లీ ఎలా మూసుకుంటాడో దగ్గర్నుంచి చూడండి. స్ట్రూప్ ప్రయోగంలో వంద గడులకు సగటున 63 సెకన్లు పడితే, వంద మాటలకు 110 సెకన్లు పట్టాయి.

తర్వాత ఒక్కో మనిషికీ రెండు సమయాల తేడా తీయండి. ఆ తేడాల సగటు ఎంతుంది, అవి మనిషికీ మనిషికీ మధ్య ఎంత ఊగుతున్నాయి (స్టాండర్డ్ డీవియేషన్ చెప్పేది ఇదే), ఎంతమందిని చూశారు? ఈ మూడింటినీ కలిపి తూచడమే టీ టెస్టు. పీ విలువ అంటే, అసలు ఏ తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ ఇంతకంటే పెద్దది గానీ కనబడే అవకాశం ఎంత అన్నది. మీ ఊహ తప్పయ్యే అవకాశం కాదది. నేను రెండో ఏడాది దాకా అలాగే పొరబడ్డాను.

ఫీల్డ్ నోట్సు:

పరిశోధన చేస్తూ పాఠాలు చెప్పే మనిషిని. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చినది "మరి దేన్ని నేర్చుకోవాలి" అన్న మాట. ఆ కోపాన్ని పోగొట్టుకోకండి.

2015లో చాలామంది పరిశోధకులు కలిసి, పత్రికల్లో అచ్చయిన 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా ప్రాముఖ్యం ఉన్న, అంటే పీ విలువ బాగా తక్కువున్న, ఫలితాలు చూపించాయి. తిరిగి చేసినప్పుడు 36 శాతమే అలా వచ్చాయి. ఆ అంకెలు చూసిన రోజు నేనూ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. కానీ ఈ విషయం బయటపెట్టింది ఎవరు? ఈ రంగం వాళ్లే. తమ ఇంటి పునాది తామే తవ్వి చూసుకున్నారు. మీ లెక్చరర్ ఒక వారం చెప్పినదాన్ని మరుసటి వారం సరిదిద్దారంటే, మీకు మంచి లెక్చరర్ దొరికారని నా నమ్మకం.

నిలబడినవీ ఉన్నాయి. పైన చెప్పిన స్ట్రూప్ ప్రయోగం ఎవరు చేసినా వస్తుంది. నాకు బాగా ఇష్టమైనది మాత్రం 1974లో లాఫ్టస్, పామర్ అనే సైకాలజిస్టులు చేసినది. కారు ప్రమాదాల సినిమా ముక్కలు చూపించి వేగం ఎంతని అడిగారు. కార్లు "తుక్కుతుక్కయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థమొచ్చే క్రియ వాడితే సగటున గంటకు 40.8 మైళ్లన్నారు. "తాకినప్పుడు" అంటే 31.8. వాళ్లే చేసిన రెండో ప్రయోగంలో, వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, బలమైన క్రియ విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా "కొట్టుకున్నప్పుడు" అని విన్నవాళ్లలో 7గురే అలా అన్నారు. సినిమాలో అసలు గాజే లేదు. ఒక్క క్రియాపదం, అంతే. మనం మీ అక్కను "ఏమైంది" అని అడగడానికీ "ఎలా ఉన్నావు" అని అడగడానికీ ఎంత తేడా ఉండొచ్చో ఆలోచించండి.

నా మొదటి ఫీల్డ్ పని ఒంటరితనం మీద. ప్రతి ప్రశ్నకూ 1 నుంచి 4 దాకా అంకె చుట్టాలి. ఒక పెద్దావిడ "మీతో మాట్లాడేవాళ్లు లేరని ఎంత తరచుగా అనిపిస్తుంది" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. పెన్సిల్ మొన 3కీ 4కీ మధ్య కాగితం మీద ఆనించి అలాగే ఉంచారు, అక్కడ చిన్న మచ్చ పడింది. "ఇవాళ్టి సంగతా, మామూలుగానా?" అని అడిగారు. "ఇవాళ నువ్వొచ్చావుగా" అన్నారు. నేను వెళ్లడమే ఆ జవాబును మార్చేసింది. అప్పటిదాకా రిలయబిలిటీ (మళ్లీ కొలిచినా అదే రావడం), వాలిడిటీ (కొలవాలనుకున్నదాన్నే కొలవడం) అనే మాటలు నాకు పరీక్షకు పనికొచ్చే నిర్వచనాలే. ఆ మచ్చ ఉన్న కాగితం చూసినప్పుడు అవి ఎందుకు కావాలో తెలిసింది. మనిషి చెప్పింది మనిషికి అన్యాయం జరగకుండా అంకెగా మార్చాలంటే ఆ శ్రమ పడాల్సిందే.

రెండు గదుల గొడవ గురించి ఒక్క ఉదాహరణ. 1950లో రాబిన్సన్ అనే సోషియాలజిస్టు అమెరికా 1930 జనాభా లెక్కలు తీసుకున్నాడు. రాష్ట్రాలవారీగా చూస్తే, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న చోట నిరక్షరాస్యత తక్కువ. సహసంబంధం, అంటే రెండూ కలిసి ఎలా మారుతున్నాయో చెప్పే అంకె, సుమారు మైనస్ 0.53. మైనస్ అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందని. వ్యక్తులవారీగా చూస్తే తలకిందులు: విదేశాల్లో పుట్టినవాళ్లలోనే నిరక్షరాస్యత కొంచెం ఎక్కువ, 0.12. కారణం, వలస వచ్చినవాళ్లు స్థానికుల్లో చదువు ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడటం. ఒకే జనం, ఒకే లెక్క, చూసే ఎత్తు మారితే గుర్తే మారిపోయింది. అందుకే రెండు గదుల్లోనూ కూర్చోమంటాను. ఒక గదిలో వచ్చిన జవాబు రెండో గదిలో చెల్లుతుందో లేదో లెక్క వేయకుండా తెలియదు.

వినే మనిషి:

అమ్మా, నేను పదకొండేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. వాళ్లు చదువు గురించి చెప్పారు, నేను మీ అక్క గురించి అడుగుతాను. తను ఎవరైనా డాక్టరుకి గానీ కౌన్సెలర్‌కి గానీ చూపించుకుందా? రెండేళ్లంటే తక్కువ కాలం కాదు. నీ డిగ్రీ పూర్తయ్యే దాకా ఆగే విషయం కాదిది. చచ్చిపోవాలన్నట్టు ఒక్క మాట వినబడినా ఆ రోజే వైద్య సాయం అందేలా చూడు.

మా పనిలో సొంత మనుషులకు చికిత్స చేయం. ఎంత అనుభవం ఉన్నా చేయం. డిగ్రీతో ఎవరూ థెరపిస్టు అయిపోరు. తర్వాత పై చదువు, ఇంకొకరి పర్యవేక్షణలో కేసులు చూడటం ఉంటాయి. నువ్వు అక్కకు ఇవ్వగలిగింది చెల్లెలి తోడు. "ఏమైంది" అనకుండా పక్కన కూర్చోవడం, సాయం దొరికే చోటికి నేను కూడా వస్తాననడం. అది చిన్నది కాదు.

లెక్కల గురించి ఒక్క మాట. జనం మా దగ్గరికి ఎప్పుడొస్తారు? బాధ బాగా ముదిరినప్పుడు. అక్కడి నుంచి కొందరికి ఏమీ చేయకపోయినా కొంత తేలికపడుతుంది. నేను మొదట్లో ఆ తేలికంతా నా గొప్పే అనుకున్నాను. పోల్చడానికి చికిత్స అందని గుంపు ఎందుకుండాలో అర్థమయ్యాక, నా కళ్లతో చూసినదాన్ని కూడా తొందరపడి నమ్మడం మానేశాను. ఏ పద్ధతి నిజంగా పనిచేస్తుందో చదివి తేల్చుకోలేని కౌన్సెలర్ చేతిలో మీ అక్కను పెడతావా?

వచ్చే ఏడాది మానసిక రుగ్మతల పేపరు వస్తుంది. ప్రతి లక్షణం నీలోనూ మీ అక్కలోనూ కనబడుతుంది. అందరికీ అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో నువ్వు మాట్లాడుకోవడానికి కూడా ఒక మనిషిని చూసుకో.

నీలిసిరా:

అందరికీ ధన్యవాదాలు. వినే మనిషి గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. అక్క ఇంకా ఎవరికీ చూపించుకోలేదు. చావు గురించి ఆలోచనలొస్తున్నాయా అని నేరుగానే అడిగాను, లేవంది. నిన్న ఏమీ అడక్కుండా తన గదిలో కూర్చుని గడులకు రంగులు నింపాను. కాసేపటికి "ఏంటవి" అంది. చెప్పాను. ఆకుపచ్చ పెన్ను తను తీసుకుని మూడు గడులు నింపింది. డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దామని ఇవాళ అడిగాను. కాదనలేదు.

ఎనిమిది మందితో ప్రయోగం చేశాను. తేడాలు సెకన్లలో: 5, 6, 7, 8, 9, 9, 10, 15. సగటు 8.6, స్టాండర్డ్ డీవియేషన్ 3.1, టీ దాదాపు 8. చేత్తోనే వేశాను. ఒక సందేహం. అందరికీ గడుల కాగితం ముందు, మాటల కాగితం తర్వాత ఇచ్చాను. అది తప్పా?

చివరి బెంచి:

తప్పే, కానీ పరీక్షలో అడిగేది సరిగ్గా అదే. రెండో కాగితం వచ్చేసరికి అలసట వల్ల నెమ్మదించారో, మాటల వల్ల నెమ్మదించారో మీ అంకెలు చెప్పలేవు. అలవాటు పడి కొందరు వేగంగా కూడా చెప్పి ఉండొచ్చు. ఇంకో ఎనిమిది మందిని పట్టుకోండి, ఈసారి నలుగురికి మాటల కాగితం ముందివ్వండి. ఎవరికి ఏది ముందో చీటీలు వేసి తేల్చండి. 15 సెకన్ల మనిషిని మాత్రం లెక్కలోంచి తీసేయకండి.