ఉగాది అతిథులకు సైగాన్‌లో బయటి భోజనాలు: ఎక్కడ తిందాం, ఎవరు వెంట వెళ్తారు?

భోజనాల కమిటీ:
అందరికీ నమస్కారం. శనివారం, అంటే మార్చి 21న, హాల్లో పెట్టే పండగ భోజనం గురించి వేరేగా మాట్లాడుకుంటున్నాం. దాన్ని ఇక్కడికి లాగకండి. ఇక్కడ తేల్చాల్సింది బయటి పూటలు: 19 గురువారం రాత్రి, శుక్రవారం మధ్యాహ్నం, రాత్రి, శనివారం రాత్రి, ఆదివారం పొద్దున టిఫిను. హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు, సింగపూర్ కుటుంబాలు అందరూ కలిపి నలభై మంది దాకా ఉంటారు. సగానికి సగం శాకాహారులు. మిగతావాళ్లలో ఎక్కువమంది బీఫ్, పోర్క్ ముట్టరు. రెండు కుటుంబాలకు హలాల్ కావాలి.

నా మాట ముందే చెప్పేస్తున్నా. ఐదు పూటలూ ఇండియన్ రెస్టారెంటుకే తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. బటర్ నాన్, పనీర్ తినడానికి అమీర్‌పేట చాలు, ఇంత దూరం రానక్కర్లేదు. కాస్త ముందుగా చూసుకుంటే శాకాహారులకు కూడా ఈ ఊరి తిండే పెట్టొచ్చు.

గదులు, స్వాగతం:
అక్కా, అనడం తేలికే. డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఏడుగురు ఉన్నారు. రెండో పూటకే "పప్పు, పెరుగు ఎక్కడమ్మా" అని అడుగుతారు, వాళ్లకి జవాబు చెప్పాల్సింది నేను. రోజుకో పూటన్నా మన వంట ఉంచండి.

భోజనాల కమిటీ:
శుక్రవారం రాత్రి ఇండియన్ ఖాయం. శనివారం మధ్యాహ్నం ఎలాగూ మన భోజనమే. మిగతా పూటలు నాకు వదిలెయ్.

గురువారం సంగతి అందరూ గమనించాలి. ఈసారి ఉగాది, వియత్నాం వాళ్ల చాంద్రమాసం మొదటి రోజు ఒకే తేదీన పడ్డాయి. నెల మొదటి రోజు, పౌర్ణమి రోజు ఇక్కడి బౌద్ధులు చాలామంది మాంసం, చేప మానేసి "చాయ్" తింటారు (టీ కాదు, శాకాహారం). మామూలుగా పంది మాంసం అమ్మే బండ్లు కూడా కొన్ని ఆ రోజు చాయ్ వండుతాయి. అంటే మన పండగ రోజున సగం ఊరు మన శాకాహారులతో కలిసి తింటుంది. ఇంతకన్నా మంచి రోజు దొరకదు. అయితే ఆ రోజు చాయ్ హోటళ్లు కిటకిటలాడతాయి, బుక్ చేయకుండా వెళ్తే వీధిలో నిలబడాల్సిందే.

అందుకని గురువారం సాయంత్రం ట్రువాంగ్ డిన్ వీధిలో మారియమ్మన్ గుడి, అక్కణ్నుంచి నడిచిపోయేంత దూరంలోనే భోజనం అనుకుంటున్నా. బెన్ థాన్ మార్కెట్ పక్కనే కదా. ఎప్పుడో తమిళ వ్యాపారులు కట్టిన గుడి అది, ఇప్పుడు దణ్ణం పెట్టుకునేవాళ్లలో వియత్నాం వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అతిథులకు అదొక ముచ్చట. ఓపిక ఉన్నవాళ్లను టోన్ థాట్ థియెప్ వీధిలోని సుబ్రహ్మణ్యస్వామి గుడికి కూడా తిప్పొచ్చు.

కొత్త వాలంటీర్, బిన్ థాన్:
నేను ఇక్కడికొచ్చి ఏడాది కూడా కాలేదండీ, అడగొచ్చో లేదో. చాయ్ అని బోర్డుంటే నూటికి నూరు శాకాహారమేనా? మా అత్తగారికి ఒకచోట రొయ్యలు వచ్చాయి.

భోజనాల కమిటీ:
అవి రొయ్యలు కావమ్మా. కొంజాక్ దుంప పిండితోనో సోయాతోనో చేస్తారు. వంకర తిప్పి, వీపు మీద ఎర్ర చారలు గీసి, తోక కూడా పెడతారు. పోర్క్ ముక్కలకైతే కొవ్వు పొర కూడా తెల్లగా కనపడేలా చేస్తారు. వాళ్లకది వేడుక. మన పెద్దావిడలు మాత్రం ప్లేటు పక్కకి నెట్టేస్తారు, ఎంత చెప్పినా నమ్మరు. కాబట్టి ఆర్డర్ మనమే ఇద్దాం. మాంసం బొమ్మలేవీ వద్దు. టోఫు, పుట్టగొడుగులు, కూరగాయలు, తామర గింజల అన్నం, గోయ్ కువన్ చాయ్ (బియ్యప్పొరలో చుట్టిన పచ్చికూర), బాన్ సెయో చాయ్ చాలు.

బాన్ సెయో మనవాళ్లకి పట్టేస్తుంది. బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి పెద్ద మూకుడులో పల్చగా పోస్తారు, అట్టులాగే సుయ్‌మంటుంది. చాయ్ రకంలో లోపల మొలకలు, పుట్టగొడుగులు పెడతారు. ముక్క తుంచి ఆవాకులో చుట్టి, పులుసులో ముంచి తినాలి. ఆవాకు ఘాటు ముక్కుకెక్కుతుంది, అదే దాని అందం. మామూలు బాన్ సెయో దుకాణంలో మాత్రం శాకాహారులకి వద్దు. పంది మాంసం, రొయ్యలు వేసే మూకుడే అది, కొవ్వూ అదే కావచ్చు.

మంచి చాయ్ వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా మామూలుగా వెయ్యరు. వ్రతాలు చేసేవాళ్లకి ఇది చెప్పండి, సంతోషిస్తారు. ఒక్క హెచ్చరిక: ఆకుల పళ్లెంలో గుండెకాయ ఆకారంలో లేత ఆకొకటి ఉంటుంది, జియెప్ కా అంటారు. నలిపితే అచ్చం పచ్చి చేప వాసన. వంటలో చేప వేశారని గొడవ మొదలవకముందే దాన్ని తీసి పక్కన పెట్టండి.

రవాణా:
నలభై మందిని ఒక్క హోటల్లో కూర్చోబెట్టడం కుదరదు. ఎనిమిదేసి మంది చొప్పున అయిదు గుంపులు, గుంపుకో వాలంటీర్. వియత్నామీస్ కాస్త వచ్చినవాళ్లు చేతులెత్తండి. బస్సు నా వల్ల కాదు, బెన్ థాన్ చుట్టుపక్కల ఆపడానికి చోటుండదు. గ్రాబ్ యాప్‌లో పిలిచే ఏడు సీట్ల బండ్లు చాలు.

గదులు, స్వాగతం:
వియత్నామీస్ రానివాళ్లు హోటల్లో ఏం చెప్పాలో ఒక చీటీ రాసివ్వండి.

భోజనాల కమిటీ:
ఇదిగో, ఫోన్లో పెట్టుకోండి. "తోయ్ ఆన్ చాయ్" అంటే నేను శాకాహారిని. "ఖోంగ్ నువక్ మామ్" అంటే చేప సాస్ వద్దు. ఈ రెండోది మర్చిపోతే మొదటిది దండగ. ఆకుకూర వేపుడు అడిగితే నవ్వుతూ తెస్తారు, అందులో నువక్ మామో ఆయిస్టర్ సాసో ఉంటుంది. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, ఉప్పులాంటిది. మాంసాహారులకు: బో బీఫ్, హెయో పోర్క్, గా కోడి, కా చేప, టోమ్ రొయ్య. వేరుశెనగ పడనివాళ్లుంటే ముందే చెప్పమనండి, ఇక్కడ దేని మీదైనా చల్లేస్తారు.

సంఘం అధ్యక్షులు:
చాలా బాగా చేస్తున్నారమ్మా. హలాల్ కుటుంబాల సంగతి ఏం చేశారు? రంజాన్ కూడా ఆ వారంలోనే ముగుస్తుంది. నెలవంకను బట్టి పండగ 20నో, 21నో అవుతుంది.

భోజనాల కమిటీ:
అవునండీ, గురువారం వాళ్లు ఉపవాసంలో ఉండొచ్చు. ఇక్కడ మార్చిలో సూర్యాస్తమయం ఆరు దాటి కొద్ది నిమిషాలకే. మిగతావాళ్లు గుడి నుంచి వచ్చేదాకా వాళ్లని కూర్చోబెట్టడం బాగుండదు. డోంగ్ యూ వీధిలో 1935 నాటి మసీదుంది, దక్షిణ భారత ముస్లింలు కట్టించిందే. దాని పక్కన హలాల్ భోజనం దొరుకుతుంది. బెన్ థాన్ పడమటి వైపు ఙుయెన్ ఆన్ నిన్ వీధిలో మలేషియా హలాల్ హోటళ్లు వరసగా ఉన్నాయి, రోటీ చనాయ్, చేపల కూర, కోడి కూర పెడతారు. గురువారం ఇఫ్తార్ అక్కడ. పండగ రోజు వాటిలో కొన్ని మూసేయొచ్చు, కొన్నింట్లో చోటుండకపోవచ్చు. ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ రెండు కుటుంబాలతో వెళ్లడానికి మా ఆయన ఒప్పుకున్నారు.

కొత్త వాలంటీర్, బిన్ థాన్:
మాంసాహారులకి ఫో (నూడుల్స్ సూప్) తినాలని ఉంటుంది కదండీ. దాంట్లో బీఫేనా?

రవాణా:
దీనికి నేను చెప్తా. పేరున్న ఫో దుకాణాల్లో ఎక్కువ భాగం బీఫే. గిన్నెలో కోడి ముక్కలేసినా అడుగున పోసే రసం బీఫ్ ఎముకలదై ఉండొచ్చు. అందుకని ఒక్క ఫో గా (కోడి ఫో) మాత్రమే అమ్మే కొట్టుకి వెళ్లాలి. కోడిని తోలు, ఎముకలతో కొట్టి వేస్తారు, లివర్, కోడి కడుపులోని లేత గుడ్లు కూడా వేస్తారు, వద్దంటే మానేస్తారు. నిమ్మకాయ పిండి, పచ్చిమిరపకాయ తుంచి వేసుకుంటే జలుబు వదిలిపోతుంది.

కమ్ తాం కూడా తినిపించాలి. మన నూకలన్నమే. ఒకప్పుడు మిల్లులో మిగిలిన నూకలు కొనుక్కుని పేదవాళ్లు వండుకున్నది, ఇప్పుడు సైగాన్ గుర్తు. మామూలుగా నిప్పుల మీద కాల్చిన పంది చాప్ పెడతారు, కాల్చిన కోడి కూడా చాలాచోట్ల ఉంటుంది. సన్నగా తరిగిన పంది తోలు వద్దని చెప్పాలి. పైన పోసే ఉల్లికాడల నూనె కూడా అడగండి, పందికొవ్వుతో చేసేవాళ్లున్నారు. శుక్రవారం మధ్యాహ్నం మాంసాహారులకి ఇదే పెడదాం, శాకాహారులకి పక్క వీధిలో చాయ్ కమ్ (శాకాహార అన్నం). ఎండ ముప్పై నాలుగు దాకా ఉంటుంది, చెరుకురసం తాగించండి. దాంట్లో చిన్న నారింజలు పిండుతారు, మన బండి మీద రసం కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

సాంస్కృతిక కమిటీ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది?

భోజనాల కమిటీ:
మెకాంగ్ డెల్టాలో ఆన్ జాంగ్ వైపు అడగండి. చౌ డాక్ వాళ్లు వేప లేతాకు, పూత ఎండుచేపతో కలిపి సలాడ్ చేసుకుంటారు. తాటిబెల్లం కూడా అక్కడి నుంచే వస్తుంది. చింతపండు, మామిడికాయ బజార్లోనే ఉన్నాయి. ఇక మిగతాది హాల్ భోజనం వాళ్లతో మాట్లాడుకోండి.

కోశాధికారి:
డబ్బు మాట ఎవరూ ఎత్తట్లేదు. లక్ష డాంగ్ అంటే మూడొందల పైచిలుకు రూపాయలు. వీధి చాయ్ కమ్ దాంట్లో సగంలోపే అయిపోతుంది. హమ్ లాంటి కూర్చుని తినే చాయ్ రెస్టారెంటైతే దానికి ఎన్నో రెట్లు. గురువారానికి ఖర్చు పెడదాం, మిగతావి పొదుపుగా.

భోజనాల కమిటీ:
ఒప్పుకున్నా. శనివారం రాత్రి మాత్రం పిల్లల కోసం. రెండ్రోజులు కొత్త తిండి తిన్నాక పిజ్జా అంటారు, అనకపోతే ఆశ్చర్యం. పిజ్జా ఫోర్‌పీస్ బాగుంటుంది. 2011లో ఒక జపాన్ దంపతులు లే థాన్ టోన్ సందులో మొదలుపెట్టారు, చీజ్ డా లాట్‌లో సొంతంగా చేయించుకుంటారు. ఒకే పిజ్జా సగం ఒక రకం, సగం ఇంకో రకం ఇస్తారు కాబట్టి శాకాహారి తల్లి, కోడి తినే కొడుకు తగాదా ఉండదు.

అదే వీధిలో జపనీస్ హోటళ్ల వరస కూడా ఉంది, మాంసాహారి కుర్రాళ్లు వెళ్తానంటే వెళ్లనివ్వండి. శాకాహారుల్ని తీసుకెళ్లకండి, అక్కడ కూరగాయల సూప్‌లో కూడా చేపల రసం ఉంటుంది. ఫూ మీ హుంగ్ కొరియన్ వీధి దూరం, పైగా అంతా కాల్చిన మాంసమే. విన్ ఖాన్ నత్తల వీధి అడిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లని విడిగా పంపిద్దాం. బార్ల వీధి బుయ్ వియెన్‌కి మాత్రం సంఘం తరఫున ఎవరినీ తీసుకెళ్లం. చెవులు పగులుతాయి, పెద్దవాళ్లు నడవలేరు.

సంఘం అధ్యక్షులు:
మెట్రో ఎక్కిస్తే ఎలా ఉంటుంది? కొత్తది కదా.

రవాణా:
ఆదివారం బాగుంటుందండీ. 2024 డిసెంబరులో మొదలైంది, బెన్ థాన్ నుంచి థావో డియెన్‌కి ఆరో స్టేషన్. అక్కడ అన్ని దేశాల కాఫీ హోటళ్లు, బేకరీలు ఉన్నాయి. పెద్దవాళ్లకి సందులో బండి దగ్గర సోయ్ చూపించండి: పెసరపప్పు, కొబ్బరి వేసిన జిగురు బియ్యం, అరటాకులో పొట్లం. శాకాహారమే. పైన వేయించిన ఉల్లిపాయలు, మాంసం పొడి చల్లబోతారు, ఆపండి. గుడ్డు తినేవాళ్లకి బాన్ మీ ఓప్ లా (రొట్టె, వేయించిన గుడ్డు), మిగతావాళ్లకి బాన్ మీ చాయ్. కాఫీ ఇక్కడ రొబస్టా, చుక్క చుక్కగా దిగుతుంది, మన ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లకి కూడా గుండె దడ పుట్టిస్తుంది. బీపీ ఉన్నవాళ్లకి సగం గ్లాసే.

గదులు, స్వాగతం:
సరే, నేను దిగొచ్చా. కానీ పెరుగు?

భోజనాల కమిటీ:
చాయ్ హోటళ్లలో పాలు, పెరుగు మామూలుగా ఉండవు. బజార్లో దొరికే సువా చువా (ఇక్కడి పెరుగు) తియ్యగా ఉంటుంది. సూపర్ మార్కెట్లో "ఖోంగ్ డువాంగ్" అని రాసిన చక్కెర లేని కప్పులు కొను, పెద్దవాళ్లకి పూటకి రెండు చొప్పున ఐస్ డబ్బాలో. ఆవకాయ సీసా గుంపుకి ఒకటి. హోటల్లో మూత తీసే ముందు యజమానిని ఒక్క మాట అడగండి, ఎవరూ కాదనరు, ఎక్కువసార్లు వాళ్లే రుచి చూస్తామంటారు.

గురువారానికి ఇంకా ఇద్దరు గుంపు నాయకులు కావాలి. రేపు రాత్రిలోగా పేర్లివ్వండి, ఎల్లుండి పొద్దున్నే హోటల్‌కి అడ్వాన్స్ కట్టాలి.

కొత్త వాలంటీర్, బిన్ థాన్:
ఒక గుంపు నాకివ్వండి. మా అత్తగారు కూడా వస్తారట, రొయ్యలు లేకుండా.