క్యాంపర్ వ్యాన్‌లో మొక్కలు పెట్టుకోవచ్చా? ఏవి బతుకుతాయి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్ ఫోర్స్ ట్రావెలర్ కొని క్యాంపర్‌గా మార్పించుకున్నాం. లోపల మంచం, చిన్న వంటగట్టు, పైన సోలార్ ప్యానెల్, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీ ఉన్నాయి. సంక్రాంతికి అరకు, ఎండాకాలం ఊటీ వైపు, కుదిరితే ఆ తర్వాత హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్లాలని ఆలోచన. బండిలో నాలుగు పచ్చటి ఆకులు కనిపిస్తే బాగుంటుందని నా ఆశ. మట్టి, నీళ్లు, పురుగులు అంటూ మావారికి టెన్షన్. పైగా మా బాబు చిన్నవాడు, చేతికి ఏది అందితే అది నోట్లో పెట్టుకుంటాడు. స్నేక్ ప్లాంట్ ఉంటే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది, అద్దాలన్నీ మూసుకుని పడుకోవచ్చు అని ఒకరు చెప్పారు, నిజమేనా? ఏ మొక్కలు తీసుకోవాలో, ఎక్కడ ఎలా పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విశాఖ, వ్యాన్‌లో తిరిగే సభ్యుడు)

ముందు ఆ ఆక్సిజన్ సంగతి తేల్చేద్దామండీ. స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని దాచుకుంటుంది, అంతవరకు నిజం. ఆక్సిజన్ తయారవ్వాలంటే మాత్రం వెలుతురు ఉండాలి, కాబట్టి ఆ పని పగలే జరుగుతుంది. గాలిని శుద్ధి చేస్తాయనే మాట 1989లో నాసా చేసిన పరిశోధన నుంచి పాకింది. అది మూసిపెట్టిన చిన్న గదుల్లో చేసిన ప్రయోగం. 2019లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ లెక్కగట్టి చూసినవాళ్లు, మామూలుగా గాలి వచ్చిపోయే ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 నుంచి 1000 వరకు మొక్కలు కావాలన్నారు. అన్ని పెడితే మీరెక్కడ పడుకుంటారు? పైన వెంట్, పక్కన ఒక కిటికీ కాస్త తెరిచే పడుకోండి. చలి వేస్తోందని లోపల గ్యాస్ స్టవ్వో బొగ్గుల కుంపటో వెలిగించవద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువుని పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టించుకోండి. మొక్కలు కంటికి ఇంపుగా ఉంటాయి, అందుకు పెట్టుకోండి.

ఇక అసలు విషయం. వ్యాన్‌లో మొక్కల్ని చంపేది ఎక్కువగా పార్కింగే. బయట 35 డిగ్రీలున్న రోజు ఎండలో మూసి ఉంచిన బండి లోపల గంట తిరిగేసరికి 50 దాటిపోవచ్చు. అద్దానికి ఆనుకున్న ఆకు ఉడికి గోధుమరంగు మచ్చలు పడుతుంది. బండి ఇంటి దగ్గర నిలిపినప్పుడు దీనికి ఉల్టా కష్టం: కర్టెన్లు దించేసి రోజుల తరబడి చీకట్లో వదిలేస్తాం. అద్దాల దగ్గర కూడా వెలుతురు మనం అనుకున్నంత రాదు. నిబంధనల ప్రకారం పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు వస్తే సరిపోతుంది. లేతరంగు అద్దాలైతే సగం దాకా అక్కడే ఆగిపోతుందన్నమాట.

అందుకని నేను చెప్పేది ఒక్కటే: బండితోపాటు ఎక్కి, బండితోపాటు దిగే మొక్కలు పెట్టుకోండి. బిగించేసిన కుండీలు, గోడనిండా పాకించిన తీగలు ఫొటోల్లో బాగుంటాయి. మీకు కావలసింది ఒక్క చేత్తో తీసి నీడలో పెట్టగలిగే నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీలు, మూడు చాలు. ఎక్కడ ఆగినా ముందు అవి దిగాలి. ఇంటికొస్తే బాల్కనీలోకి వెళ్లిపోవాలి.

స్థలం గురించి: ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య కుదుపు తక్కువ. వెనక చక్రాలు దాటిన భాగం గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, అక్కడ వద్దు. వంటగట్టు పక్కన చెక్క పలక ఉంటే దానికి కుండీ అంచు కింద పట్టేంత గుండ్రటి రంధ్రం కోయించండి. కుండీ అందులోకి దిగి అంచు మీద ఆగుతుంది. అరకు ఘాట్ రోడ్డులో ఎన్ని మలుపులు తిరిగినా కదలదు. రంధ్రం అడుగున ఒక ట్రే, కుండీ మీదుగా ఒక వెల్క్రో పట్టీ. కార్పెంటర్‌కి గంట పని. డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఎవరెంత చెప్పినా పెట్టకండి. రోడ్డు కనబడకుండా అడ్డమొస్తుంది, ఎండ నేరుగా పడుతుంది, సడన్ బ్రేక్ వేస్తే మొహం మీదికి వస్తుంది. వేలాడదీసినవి బండి కదిలే ముందు కిందికి దించాలి.

బాబు ఉన్నాడన్నారు కాబట్టి మనీ ప్లాంట్, జీజీ ప్లాంట్ వద్దు. రెండూ మొండి మొక్కలే, కానీ వాటిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. స్నేక్ ప్లాంట్ తిన్నా వాంతులవుతాయి. మీకు స్పైడర్ ప్లాంట్, హవోర్తియా, పెపరోమియా మేలు. స్పైడర్ ప్లాంట్ వేర్లు దుంపల్లా ఉండి నీళ్లు దాచుకుంటాయి, ఒకటి రెండు సార్లు మరిచిపోయినా క్షమిస్తుంది. పెపరోమియాకి కాస్త వెలుతురు తక్కువైనా ఫరవాలేదు.

జవాబు (కడియం, నర్సరీ పని చేసే సభ్యుడు)

అన్న చెప్పింది కరెక్టు, నేను మట్టి గురించి చెబుతాను. మా కడియం, కడియపులంక వైపు నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగురు మట్టి ముద్దతో వస్తాయండి. లారీలో దూరం వెళ్లడానికి అది మంచిదే. అదే ముద్దని అలాగే కుండీలో పెట్టి వ్యాన్‌లో ఎక్కిస్తే బరువు, పైగా లోపల తడి ఆరదు, వేరు కుళ్లుతుంది. ముద్దని బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, వేళ్లతో మెల్లగా విడదీయండి. వేర్లు తెల్లగా గట్టిగా ఉంటే మంచివి. నల్లగా మెత్తగా ఉన్నవి కత్తిరించేయండి. రెండు వంతులు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక వంతు పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు), ఒక వంతు వర్మీకంపోస్ట్ కలిపి నాటండి. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక నానితే సుమారు 8, 9 లీటర్లవుతుంది, మీ మూడు కుండీలకి చాలా ఎక్కువ. నానిన కోకోపీట్‌ని ఒకసారి నీళ్లతో కడిగి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది.

కొన్న వారమే ప్రయాణం పెట్టుకోకండి. మొక్క గ్రీన్ నెట్ కింద పెరిగింది కదా, కుండీ మార్చాక రెండు మూడు వారాలు ఇంట్లో కుదురుకోనివ్వాలి.

వేపపిండి, బియ్యం కడిగిన నీళ్లు ఇంటి పెరట్లో ఓకే. బండిలో మాత్రం వద్దమ్మా. మూసిన చోట వాసన కొడుతుంది, చిన్న నల్ల ఈగలు పుట్టి అన్నం గిన్నె చుట్టూ తిరుగుతాయి. ఆ ఈగల పిల్లలు పైమట్టి తడిలోనే బతుకుతాయి. పైన రెండంగుళాలు పూర్తిగా ఆరనిచ్చి, పసుపు జిగురు అట్టముక్క ఒకటి గుచ్చితే తగ్గిపోతాయి. నీళ్లు సాయంత్రం బండి ఆగాక బయట పెట్టి పోయండి, అడుగునుంచి కారడం ఆగాక లోపలికి తెచ్చుకోండి. ఘాట్ ఎక్కే ముందు పొద్దున్నే పోస్తే ఆ నీళ్లు మీ మంచం మీదికే. కుండీలో పైన తెల్ల గులకరాళ్లు వేస్తారు చాలామంది. బాబు మింగుతాడు, వాటి బదులు కొబ్బరిపీచు పరవండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ, ఇద్దరికీ. వర్షాకాలం కోసం గ్రో లైట్ (మొక్కలకి ఎండ బదులు వెలిగించే లైటు) పెడితే బ్యాటరీ తినేస్తుందా? అత్తయ్యగారు తులసి లేకుండా బండి కదలకూడదంటున్నారు. నాకేమో కరివేపాకు మొక్క ఉంటే వంటకి పనికొస్తుందని.

జవాబు (విశాఖ)

10 వాట్ల ఎల్‌ఈడీ 8 గంటలు వెలిగితే 80 వాట్ అవర్లు. మీ బ్యాటరీలో పట్టేది సుమారు 1280 వాట్ అవర్లు (12.8 వోల్టులు × 100 ఏహెచ్). ఫ్రిజ్ ముందు ఇదేం లెక్క కాదు, కానీ మూడు రోజులు ముసురు పట్టి సోలార్ పడుకుంటే మొదట ఆపాల్సింది ఈ లైటే. తులసికి రోజూ అయిదారు గంటల నేరు ఎండ కావాలి. లోపల పెడితే సన్నగా సాగిపోయి ఆకులు రాలుస్తుంది. పెద్దావిడ మనసు నొప్పించకుండా ఇంటి కోటలోనే ఉండనిచ్చి, బండిలోకి రెండు దళాలు తెచ్చుకోండి. కరివేపాకు చెట్టయ్యే మొక్క, ఇంత చిన్న కుండీలో ఇమడదు. వంటకే అయితే వాము ఆకు పెట్టండి. ఒక కొమ్మ గుచ్చితే వస్తుంది, గిల్లితే గుబురవుతుంది, వాన పడే సాయంత్రం బజ్జీలకి అదే.

జవాబు (డాలస్ సభ్యురాలు)

కరివేపాకు అన్నారు కాబట్టి అమెరికాలో ఆర్‌వీ (ఇల్లులాంటి పెద్ద బండి) తీసుకుని తిరిగే మనవాళ్లకి ఒక మాట. కరివేపాకు నిమ్మజాతి కుటుంబానిదే. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగు దీని మీద కూడా బతుకుతుంది. అందుకని క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి ఈ మొక్కను బయటికి తీసుకెళ్లడానికి ఆంక్షలున్నాయి. కాలిఫోర్నియాలోకి వెళ్లే హైవేల మీద చెక్‌పోస్టుల్లో బండి ఆపి మొక్కలు, పండ్లు ఉన్నాయా అని అడుగుతారు. కొన్న పాటింగ్ మిక్స్‌లో (కుండీల కోసం అమ్మే మిశ్రమం) ఇంట్లో పెరిగిన, పురుగు లేని చిన్న మొక్కలకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. పెరటి మట్టితో ఉన్నవి, నిమ్మజాతివి ఇంట్లోనే వదిలి రండి. అడిగితే దాచకుండా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

కరివేపాకు క్యాన్సిల్, వాము ఆకు ఖాయం. చివరిగా ఒక్కటి: స్పితికి ఇవి తీసుకెళ్లొచ్చా?

జవాబు (విశాఖ)

వద్దండీ. ఈ మొక్కలన్నీ 10 డిగ్రీల కిందికి దిగితే నీరసిస్తాయి. సంక్రాంతి వేళ అరకులోనే రాత్రుళ్లు అంతకన్నా తగ్గుతుంది. అక్కడైతే రాత్రికి అద్దం దగ్గర్నుంచి తీసి మంచం పక్కన నేల మీద పెట్టి, ఆ రెండు రోజులు నీళ్లు ఆపితే గడిచిపోతుంది. స్పితిలో రాత్రి చలి వేరే లెక్క, ఎండ కూడా ఆ ఎత్తులో చురుక్కుమంటుంది. ఆ ట్రిప్పుకి పక్కింటివాళ్లకి అప్పజెప్పండి, వారానికి ఒకసారి వేలితో తడి చూసి మాత్రమే పోయమని చెప్పండి. చెప్పకపోతే ప్రేమకొద్దీ రోజూ పోస్తారు.