మాగ్నెటైట్ నానోకణాలు: జెడ్‌ఎఫ్‌సీ పీక్ 140 కెల్విన్‌లో వస్తే ‘ఆర్డరింగ్’ అని రాయొచ్చా?

హన్మకొండ_స్కాలర్: అందరికీ నమస్తే. అమ్మోనియాతో కో-ప్రెసిపిటేషన్ చేసి మాగ్నెటైట్ తీశాను. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) ప్రకారం సైజు 10 నానోమీటర్లు. పొడిని బయటి ల్యాబ్‌కు పంపితే జెడ్‌ఎఫ్‌సీ (ఫీల్డ్ లేకుండా చల్లబరిచి, ఫీల్డ్ పెట్టి వేడి చేస్తూ తీసే అయస్కాంతత్వ కర్వ్) పీక్ 140 కెల్విన్ దగ్గర వచ్చింది. బల్క్ మాగ్నెటైట్ అనైసోట్రపీ (అయస్కాంత దిక్కును పట్టి ఉంచే గుణం) వేసి లెక్క కడితే బ్లాకింగ్ టెంపరేచర్ (దీని కింద కణం దిక్కు తిరగకుండా ఆగిపోతుంది) 17 కెల్విన్ దాటట్లేదు. ఇంటరాక్షన్ వల్ల కణాలన్నీ కలిసి ఆర్డర్ అయ్యాయని (అయస్కాంత దిక్కులు వరసలోకి వచ్చాయని) రాసేయమంటున్నారు మా గైడ్. రివ్యూయర్ ఏమంటాడో అని టెన్షన్.

కాజీపేట_జంక్షన్: తమ్ముడూ, మీ సార్ మాటలో సగం నిజం ఉంది. రెండు 10 నానోమీటర్ల కణాలు ఒకదానికొకటి ఆనుకుంటే, బల్క్ విలువలతో డైపోల్ శక్తి (చిన్న అయస్కాంతాల్లా అవి ఒకదాని మీద ఒకటి చూపే ప్రభావం) దాదాపు 400 కెల్విన్‌కు సమానం. కేంద్రాల మధ్య దూరం 20 నానోమీటర్లైతే అది ఎనిమిదో వంతుకు, అంటే 50 కెల్విన్‌కు పడిపోతుంది. పూత లేని పొడిలో ఇంటరాక్షన్ ఉండక చస్తుందా? కానీ ఇంటరాక్షన్ ఉన్నంత మాత్రాన ఆర్డర్ వచ్చినట్టు కాదు. సైజుల్లో తేడాలు, ఉపరితల అనైసోట్రపీ కూడా పీక్‌ను పైకి లాగుతాయి. పీక్ కంటే తక్కువ టెంపరేచర్లలో ఎఫ్‌సీ (ఫీల్డ్ పెట్టే చల్లబరిచిన) కర్వ్ ఎట్లుంది?

హన్మకొండ_స్కాలర్: దాదాపు చదునుగా ఉందన్నా. ఫీల్డ్ 1000 ఎర్స్టెడ్ పెట్టారట. ల్యాబ్ వాళ్లు ముందు ఒక్క మాట చెప్పలేదు.

మంచిర్యాల_మేడం: 1000 ఈ పనికి చాలా ఎక్కువ. ఫీల్డ్ పెరిగితే పీక్ కిందికి జారుతుంది. 50 ఎర్స్టెడ్ లేదా ఇంకా తక్కువలో మళ్లీ తీయించు. ఎఫ్‌సీ చదునుగా ఉండటం మంచి సూచనే గానీ దాని మీద పేపర్ నిలబడదు. ఏసీ ససెప్టిబిలిటీ (అటూ ఇటూ మారే ఫీల్డ్‌కు శాంపిల్ స్పందన) అడుగు. ఫ్రీక్వెన్సీ పది రెట్లు పెంచినప్పుడు పీక్ పది శాతమో, ఇంకా ఎక్కువో జరిగితే కణాలు విడివిడిగా ఉన్నట్టు. ఒకటి, రెండు శాతమే జరిగితే గ్లాస్ (కణాల దిక్కులు వరస లేకుండానే కలిసి బిగుసుకున్న స్థితి) వైపు అనుమానించాలి. అర్హీనియస్ ఫిట్‌లో టావ్ జీరో (కణం దిక్కు మార్చే ప్రయత్నాల మధ్య సమయం) 10 పవర్ మైనస్ 20 సెకన్ల లాంటి అర్థం లేని విలువ వచ్చినా ఇంటరాక్షన్ బలంగా ఉందనే లెక్క.

కోట_గోడ: అసలు పరీక్ష మెమరీది. ఫీల్డ్ లేకుండా చల్లబరుస్తూ పీక్ కంటే బాగా కింద, ఉదాహరణకు 80 కెల్విన్ దగ్గర, రెండు మూడు గంటలు ఆపాలి. తర్వాత అడుగు దాకా చల్లబరిచి, చిన్న ఫీల్డ్‌లో వేడి చేస్తూ కొలవాలి. ఆపకుండా తీసిన కర్వ్‌ను దీంట్లోంచి తీసేస్తే 80 దగ్గర గుంట కనిపించాలి. కనిపిస్తే సూపర్‌స్పిన్ గ్లాస్ (ఒక్కో కణం ఒక పెద్ద స్పిన్‌లా ఉండే గ్లాస్) అని ధైర్యంగా రాసుకో. చాలామంది ఎఫ్‌సీ మెమరీ మెట్లు (ఫీల్డ్‌లో చల్లబరుస్తూ ఆపిన చోట్ల కర్వ్‌లో కనిపించేవి) చూపించి గ్లాస్ అనేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. సైజుల్లో తేడా ఉంటే ఇంటరాక్షన్ లేని కణాల్లోనూ ఆ మెట్లు వస్తాయని ససాకి బృందం 2005లోనే చూపించింది.

హన్మకొండ_స్కాలర్: మరి ‘సూపర్‌ఫెర్రోమాగ్నెటిక్’ (పక్కపక్క కణాలు ఒకే దిక్కుకు వరసైన స్థితి) అనొచ్చా? సార్‌కు ఆ మాటంటే ఇష్టం.

కాజీపేట_జంక్షన్: పొడికి ఆ పేరు వద్దు. డైపోల్స్‌కు అమరికే ప్రాణం. సింపుల్ క్యూబిక్‌లో (ఘనాల మూలల్లోనే) పేరిస్తే యాంటీఫెర్రో (ఎదురెదురు దిక్కుల) వరస, ఎఫ్‌సీసీలో (మూలలతో పాటు ముఖాల మధ్యలోనూ) ఫెర్రో (ఒకే దిక్కు) వరస తక్కువ శక్తితో వస్తాయని లటింజర్, టిస్జా 1946లోనే లెక్కగట్టారు. నీ పొడిలో కణాలు ఇష్టమొచ్చినట్టు పడి ఉన్నాయి, ఈజీ యాక్సిస్‌లు (అయస్కాంతత్వం సులువుగా నిలిచే దిశలు) తలో దిక్కు. దాన్నుంచి గ్లాస్ ఆశించు. సూపర్‌ఫెర్రో అనాలంటే చాలా కణాల మీదుగా సాగే డొమైన్లు చూపించాలి. అల్యూమినా మధ్య పలచగా వేసిన కోబాల్ట్-ఐరన్ పొరల్లో అలాంటివి చూశారు.

మంచిర్యాల_మేడం: ఇంకొకటి, పోలికకు పలచన శాంపిల్ తప్పనిసరి. అదే బ్యాచ్‌కు ఒలీయిక్ ఆసిడ్ పూత వేసి, హెక్సేన్‌లో కలిపి, కరిగించిన పారాఫిన్‌లో ఒక శాతం లోపే వేయి. బీకర్ కింద అయస్కాంతం పెట్టినప్పుడు ద్రవం మొత్తంగా కదలాలి. నల్ల మడ్డి అడుగున పేరుకుంటే ముద్దలు కట్టినట్టే, ఆ శాంపిల్ పనికిరాదు. ఎండాకాలంలో హైదరాబాద్ పంపేట్టయితే ఐస్‌ప్యాక్‌తో పంపు, మన ఎండలకు పారాఫిన్ మెత్తబడితే కణాలు మళ్లీ దగ్గరికి చేరతాయి. పలచన దాంట్లో పీక్ 140 నుంచి బాగా దిగితే ఇంటరాక్షన్ వాటా అక్కడే తేలుతుంది. దిగకపోతే సైజు పంపకం కోసం టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు) తీయించుకో, ఎక్స్‌ఆర్‌డీ 10 మీద ఆధారపడకు.